తెల్ల టవలు, తెల్ల కొండ

షోలాపూర్ కుంఠా నాకా మనిషి మంచు కొండల గురించి మాట్లాడతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. మాది ఎండల ఊరు. మే నెలలో షోలాపూర్‌లో 43 డిగ్రీలు దాటితే అది వార్త కూడా కాదు. దేశమంతా కప్పుకునే చద్దర్లు మా ఊళ్లో తయారవుతాయి గానీ, వాటిని మెడదాకా లాక్కుని పడుకునే చలి మాకు ఏడాదిలో నాలుగైదు వారాలే. సిద్ధేశ్వరుడి గడ్డా జాతరలో నందిధ్వజాలు ఊరేగి సంక్రాంతి వెళ్లిందంటే, ఇక చద్దరు మడత పెట్టేయడమే.

కొండ అయితే అసలే లేదు. మా దిక్కు ఎత్తుగా కనబడేదంటే కుమఠే చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే. విమానాలకు అడ్డమని 2023 జూన్‌లో దాన్నీ కూల్చేశారు. ఇప్పుడు మిద్దె ఎక్కి చూస్తే ఆకాశం గీత గీసినట్టు ఉంటుంది.

అలాగని ఈ ఊరికి మంచుతో చుట్టరికం బొత్తిగా లేదనలేం. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో ఇక్కడే పుట్టాడు. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఒకడు. ఉత్తర చైనా కొండల్లో, నీళ్లు గడ్డకట్టే చలికాలాల్లో, గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేసి చేసి 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. బడిలో ఈ కథ చెప్పినరోజు నాకు యుద్ధం కన్నా ఆ చలి మీదే మనసు పోయింది. ఇంటికొచ్చి, "అవ్వా, అక్కడ నీళ్లు రాళ్లయితయట" అంటే మా అవ్వ బీడీలు చుడుతూనే, తలెత్తకుండా, "ఇగం పెట్టుడంటే గదేరా" అన్నది. మా అవ్వ మంచును చూసింది లేదు. మాట మాత్రం ఆమె దగ్గర ఉంది. ఈ మాట సంగతి మళ్లీ చెబుతాను.

నా పని టవళ్ల కార్ఖానాలో మాల్ చూడటం. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. మగ్గం దిగి, బ్లీచింగ్ అయ్యి వచ్చిన టర్కీ టవల్ నా ముందు పరుస్తారు. పడుగు పోగు తెగిందా, పేక తప్పిందా, నూనె మరక పడ్డదా, లూపులు ఒకచోట లేచి ఒకచోట పడుకున్నాయా చూసి, బాగున్నది ఒక పక్కకి, బాగులేనిది ఇంకో పక్కకి పెట్టాలి. ఎర్ర టవల్లో తప్పు దూరం నుంచే అరుస్తుంది. నల్లదానిలో కాస్త గొణుగుతుంది. తెల్లది మాత్రం నోరు మెదపదు. ట్యూబ్‌లైటు కింద పరిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే తెలుపు. అదే టవల్‌ను రెండు చేతులా పట్టి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురు పక్క నుంచి రాసుకుంటూ పోయేటట్టు వంచితే అప్పుడు ప్రతి లూపు వెనకా ఆవగింజంత నీడ లేస్తుంది. తప్పు ఉన్నచోట ఆ నీడల వరస తెగుతుంది. నిజం చెప్పాలంటే నేను ముప్ఫై ఏళ్లలో టవళ్లను చూసింది తక్కువ, వాటి నీడలను చూసింది ఎక్కువ.

కెమెరా పిచ్చి తర్వాత పట్టింది. దాని గురించి గొప్పలేమీ లేవు. సెకండ్ హ్యాండ్ కెమెరా, ఒక్క లెన్సు, సెలవు దొరికిన ఆదివారాలు.

ఇక మంచు కొండ నా దాకా వచ్చింది మా అన్న కొడుకు వల్ల. మా తాతలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టాక, కరీంనగర్ దిక్కు నుంచీ నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కుల నుంచీ పద్మశాలీలు అలా వస్తూనే ఉన్నారు. మా అన్న కొడుకు మా తాత కన్నా ఇంకాస్త దూరం పోయాడు, అంతే. షోలాపూర్‌లో ఇంజనీరింగ్, పుణెలో నాలుగేళ్లు, ఇప్పుడు అమెరికాలో సియాటిల్ పక్కన. వారమంతా కంప్యూటరు, శని ఆదివారాలు మంచు కొండ. కొండ మీద వాడు చేసే పనిని స్నోబోర్డింగ్ అంటారు.

వినేవాళ్లలో పెద్దవాళ్ల కోసం చెబుతున్నాను. స్కీయింగ్ అంటే రెండు కాళ్లకు రెండు పలకలు, చేతుల్లో రెండు కర్రలు. స్నోబోర్డుకు పలక ఒక్కటే, రెండు పాదాలూ దానికే బిగించి ఉంటాయి, చేతిలో ఏమీ ఉండదు. మనిషి పక్కకు తిరిగి నిలబడి జారుతాడు. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, ఇంట్లో ఆడపిల్లల అల్లరి తట్టుకోలేక రెండు స్కీ పలకలను పక్కపక్కన బిగించి ఇస్తే, అదే దీనికి మూలమైంది. ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. 1977లో జేక్ బర్టన్ అనే కుర్రాడు వెర్మాంట్‌లో బోర్డులు తయారుచేసే కంపెనీ మొదలుపెట్టాడు. చాలా కొండల మీద మొదట్లో స్నోబోర్డు వాళ్లను రానివ్వలేదు. 1998లో ఈ ఆట నాగానో ఒలింపిక్స్‌లో చేరేసరికి ఇక చాలామంది కాదనలేకపోయారు.

నేర్చుకునేటప్పుడు మావాడు పడ్డ పాట్లు వేరే కథ. బోర్డుకు రెండు అంచులు, మడమ వైపుది ఒకటి, వేళ్ల వైపుది ఒకటి. ఒకసారి ఒక అంచు మీద, ఒకసారి రెండో అంచు మీద బరువు వేస్తూ కొండకు అడ్డంగా అటూ ఇటూ పోతూ దిగాలి. దిగువ వైపు అంచు మంచులో గుచ్చుకుందా, మనిషి బొక్కబోర్లా. వీడియో చూస్తే నాకు నాడె గుర్తొచ్చింది. పడుగుకు అడ్డంగా ఈ కొసకు, మళ్లీ ఆ కొసకు. వెనక్కి తిరిగి చూస్తే కొండ మీద పేక పోసినట్టు గీతలు. ఆ మాటే చెబితే, "నాడె అయితే ఇన్నిసార్లు పడదు చిన్నాయినా" అన్నాడు.

వాడికి ఆదివారం సాయంత్రం అయితే మాకు సోమవారం పొద్దున. కార్ఖానా మొదలయ్యే వేళ. మగ్గాల టకటకలో ఒక చెవి మూసుకుని రెండో చెవితో మాట్లాడతాను. మాటల కన్నా ముందు ఫోటోలు వస్తాయి. సియాటిల్ నుంచి గంట ప్రయాణంలో స్నోక్వాల్మీ అనే కనుమ ఉంది, ఎక్కువగా పోయేది అక్కడికే. అప్పుడప్పుడు ఉత్తరాన మౌంట్ బేకర్‌కు. ఆ బేకర్ కొండ దగ్గరి స్కీ కేంద్రంలో 1998–99 చలికాలమంతా కలిపి 1,140 అంగుళాల మంచు కురిసిందట. ప్రపంచ రికార్డు. అంటే 95 అడుగులు. మా కార్ఖానా రేకుల కప్పు 15 అడుగుల ఎత్తు. అలాంటి కార్ఖానాలు ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఇంకో ఐదడుగులు మిగులుతుంది. అదంతా ఒకేసారి నిలబడి ఉన్నది కాదు లెండి, కురిసినది కురిసినట్టు కొలిచి కూడిన లెక్క. అయినా మే నెలలో కూలరు ముందు కూర్చుని ఆ అంకె చదువుకుంటే బాగుంటుంది.

మొదటి ఫోటోలు వచ్చిన రోజు బాగా గుర్తు. ఎండ కాస్తోంది, ఆకాశం నీలంగా ఉంది, కొండ మాత్రం బ్లీచింగ్‌కు పోని గాడా గుడ్డలా మాసి ఉంది.

"ఇదేంది చిన్నాయినా, కండ్లకు మిలమిల మెరిసింది, ఫోటోల బూడిద లెక్క వచ్చింది. కెమెరా ఖరాబయిందా?"

"కెమెరా బానే ఉందిరా. దానికి తెలుపంటే తెల్వదు."

కొండ మీది విషయం నాకు తెలియదు గానీ ఈ విషయం తెలుసు. తెల్ల టవల్‌ను ఫోటో తీసి బేరగాడికి పంపబోయి నేనూ బోల్తా పడ్డవాణ్నే. కెమెరా లోపల వెలుతురును కొలిచే మీటరు ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, సగటున నడిమి బూడిద రంగు అనుకుని అది లెక్క కడుతుంది. మీద పడ్డ వెలుతురులో 18 శాతం తిప్పి పంపే వస్తువని దాని నమ్మకం. ఊళ్లూ చెట్లూ మనుషులూ అయితే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. కొత్తగా పడిన మంచు 80, 90 శాతం వెలుతురును తిప్పి కొడుతుంది. మీటరు దాన్ని చూసి, అబ్బో ఇంత వెలుతురా అని తలుపు సగం మూస్తుంది. తెలుపు బూడిద అవుతుంది. నల్ల చద్దరును తీస్తే దీనికి తలకిందులు, నలుపు వెలిసిపోతుంది. అందుకని మంచు తీసేటప్పుడు మీటరు చెప్పినదానికి ఒక స్టాపు, ఎండ బాగా ఉంటే దాదాపు రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. స్టాపు అంటే రెండింతలు. ఫోన్‌తో తీసేవాళ్లు మంచు మీద వేలితో తాకి, పక్కన కనబడే చిన్న సూర్యుడి బొమ్మను పైకి జరిపితే చాలు. మరీ జరపకూడదు. జరిపితే లూపులు పోతాయి. అంటే మంచు మీది గరుకు, గాలి గీసిన అలలు, బోర్డు కోసిన గాడి, అన్నీ కలిసి సున్నం కొట్టిన గోడ అవుతాయి.

తర్వాతి వారం తెల్లటి కొండ వచ్చింది. వాడి అనుమానం మాత్రం పోలేదు. "నీడలన్నీ నీలంగా ఉన్నయి, రంగు మార్చి పంపాల్నా?" అని. మార్చొద్దన్నాను. ఎండ పడని చోటికి వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? పైనున్న నీలాకాశం నుంచే కదా. తెల్లగా ఉన్నది ఏ వెలుతురు పడితే ఆ రంగే చూపిస్తుంది. మా బ్లీచింగ్ ఖాతాలో టీనోపాల్ లాంటిది ఎందుకు కలుపుతారు? ఉతికిన నూలుకు సహజంగా ఉండే పసుపు ఛాయను ఆ కాస్త నీలమే కప్పేస్తుంది కాబట్టి. మన అమ్మలు తెల్ల పంచెలకు నీలం పెట్టిందీ అందుకే. నీలం లేని తెలుపు మన కంటికి పాతబడ్డ తెలుపు. కొండకు ఆ నీలం ఆకాశమే పెడుతుంటే తుడవడం ఎందుకు?

ఇవన్నీ ఎండ ఉన్న రోజుల కబుర్లు. జనవరిలో ఒక ఆదివారం వాడు ఫోటోలు పంపలేదు, మోకాలు వాచిందని చెప్పాడు. ఆ రోజు కొండంతా మబ్బు కప్పింది. మంచు మీద పడే వెలుతురు ఒక దిక్కు నుంచి కాకుండా అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తే నీడ అనేది ఉండదు. ఎదురుగా గుంట ఉందో దిబ్బ ఉందో కంటికి తెలియదు. కొండ ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. కొండ మీద తిరిగేవాళ్లు దీన్ని ఫ్లాట్ లైట్ అంటారు. నేను ట్యూబ్‌లైటు అంటాను. ట్యూబ్‌లైటు కింద పరిచిన తెల్ల టవల్ మీద మావాడు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయి పడ్డాడు. అలాంటి రోజుల్లో బాగా తెలిసినవాళ్లు బయలు వాలు వదిలేసి చెట్ల దగ్గరగా దిగుతారట. చెట్ల మొదళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి నేల ఎక్కడుందో వాటిని బట్టి అంచనా దొరుకుతుంది. పసుపు, గులాబీ రంగు అద్దాల కళ్లజోళ్లు పెట్టుకునేదీ ఉన్న కాస్త తేడానూ పెంచి చూసుకోవడానికే. ఫోటోకూ అదే ఉపాయం. మబ్బు రోజున బయలు కొండను తీస్తే తెల్ల కాగితం వస్తుంది. ఒక దేవదారు చెట్టునో, ఎర్ర కోటు వేసుకున్న మనిషినో మధ్యలో పెడితే అప్పుడు చుట్టూ ఉన్నది మంచని అర్థమవుతుంది.

కొండ ఒకటే, వాడు పంపే ఫోటోలో మాత్రం ప్రతి వారం వేరే బట్ట. మంచు పడ్డ మర్నాడు దూది. రెండు రోజులు గాలి వీస్తే గంజి పెట్టినట్టు పెళుసు. వాన కలిసి పడితే సిమెంటు. సముద్రం దగ్గర కావడంతో అక్కడి మంచులో తడి ఎక్కువ, దాన్ని వాళ్లు సరదాగా కాంక్రీటనే అంటారు. మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టి, కరిగి గడ్డకట్టి, జొన్న గింజల్లా అవుతుంది. పొద్దున్నే దాని మీద పక్క ఎండ పడ్డప్పుడు తీసిన ఫోటో ఒకటి పంపాడు. నేను దాన్ని బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి చూపించి ఏమీ చెప్పలేదు. ఆమె కాసేపు చూసి, "లూపులు బాగ లేచినయి, ఏ కార్ఖానాది?" అన్నది.

ఇలాంటి చూపు ఉన్న మనిషి ఒకాయన అమెరికాలోనే ఉండేవాడు. విల్సన్ బెంట్లీ. వెర్మాంట్‌లో జెరికో అనే పల్లె, వ్యవసాయం. సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి 1885 జనవరి 15న ఒక మంచు రేణువును ఫోటో తీశాడు. ఆ తర్వాత నలభై ఏడు చలికాలాల్లో అయిదు వేలకు పైగా తీశాడు. పాడి పనులు వదిలేసి మంచు వెంట పడ్డాడని ఊళ్లోవాళ్లు నవ్వేవారట. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. రేణువు తెల్లగా, వెనకాల కూడా తెల్లగా వస్తుంటే ఆయన గాజు నెగటివ్ మీద రేణువు చుట్టూ ఉన్న పూతను చాకుతో గీకి తీసేసేవాడు. అచ్చు వేస్తే చుట్టూ నలుపు, మధ్యలో ఆరు రెక్కల తెల్ల పువ్వు. గంటల పని. జర్మనీ నుంచి ఒక వాతావరణ శాస్త్రవేత్త ఇది దిద్దిన బొమ్మ అని తప్పు పట్టాడు కూడా. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు గానీ, తెలుపును తెలుపు మీద చూపించడం ఎంత కష్టమో తెలిసినవాణ్ని కనుక నా ఓటు బెంట్లీకే. 1931లో ఆయన పుస్తకం వచ్చింది, ఆ డిసెంబరులోనే మంచుతుపానులో నడిచి ఇంటికొచ్చి, న్యుమోనియా పట్టి చనిపోయాడు.

ఇప్పుడు మా అవ్వ మాట దగ్గరికి వస్తాను. మన తెలుగులో చిక్కేమిటంటే అన్నింటికీ మంచు ఒక్కటే. గడ్డి మీద చుక్క మంచే. దారి కనబడకుండా కమ్మేది మంచే. హిమాలయాల మీద ఉన్నదీ మంచే, శర్బత్‌లో వేసే గడ్డ కూడా కొన్ని ఊళ్లలో మంచే. మా ఇరుగుపొరుగు మరాఠీలో చుక్కను దవ్ అంటారు, కమ్మేదాన్ని ధుకే అంటారు, గడ్డను బర్ఫ్ అంటారు. మాట వేరైతే చూపు కూడా వేరవుతుంది. కుంఠా నాకాలో పెరిగినవాడికి రెండు భాషలూ నోట్లో ఉంటాయి కనుక, మేం ఇంట్లో మంచు అని, వీధిలో ధుకే అని బతికేస్తాం. మా అవ్వ ఇగం మాత్రం మరాఠీలో దొరకలేదు నాకు. అది చలీ మంచూ కలిసిన మాట, వేళ్లు కొంకర్లు పోయే మాట.

నా మంచు ధుకేతో మొదలైంది. మాకు 45 కిలోమీటర్లలో తుళజాపూర్. కోజాగిరి పున్నమికి షోలాపూర్ నుంచి లక్షల మంది అక్కడి భవానీ అమ్మవారికి నడిచిపోతారు, మా ఇంటి ఆడవాళ్లూ పోతారు. ఊరికి ముందు బాలాఘాట్ కొండల ఎక్కుడు వస్తుంది. అమెరికా కొండల ముందు అవి మెట్లు కూడా కావు. కానీ మా సమతలానికి అదే కొండ. ఒక చలికాలం పంతం పట్టి ఐదు ఆదివారాలు మబ్బుల లేచి, స్కూటరు మీద పోయి, ఘాట్ రోడ్డులో ఒకే మలుపు దగ్గర, ఒకే రాయి మీద నిలబడి ఒకే వైపు ఫోటో తీద్దామనుకున్నాను. మొదటి ఆదివారం కింద మైదానం లేదు. దూది నింపిన బొంత పరిచినట్టు ధుకే, దానిలోంచి ఒక వేపచెట్టు తల. రెండోవారం ఉత్తరపు గాలి, కడిగిన గాజులాంటి గాలి, జొన్న చేలు దూరం దాకా గీతలు గీతలుగా. ఫోటో చక్కగా వచ్చింది, చూడబుద్ధి కాలేదు. మూడోవారం బంగాళాఖాతంలో ఏదో లేచి మబ్బు పట్టింది, మావాడు పడ్డ ట్యూబ్‌లైటు వెలుతురే. నాలుగోవారం పొలాల్లో హుర్డా మంటల పొగ. హుర్డా అంటే మన పల్లెల్లో ఊసబియ్యం, పాలు పట్టిన జొన్న కంకులు పిడకల నిప్పుల మీద కాల్చి, వేడి వేడిగా నలిపి, పల్లీల కారప్పొడితో తినడం. షోలాపూర్ జిల్లాలో చలికాలపు ఆదివారమంటే అదే. ఆ రోజు కెమెరా సంచిలోనే ఉండిపోయింది, రెండు చేతులూ ఖాళీ లేవు. ఐదోవారం మళ్లీ ధుకే వచ్చింది, కానీ మొదటివారం లాగా రాలేదు. ఆ వేపచెట్టు కనబడలేదు. వారం వారం అదే కొండకు ఎందుకు పోతావని మావాణ్ని అడగడం అప్పటినుంచి మానేశాను.

గడ్డకట్టిన మంచును నేను కళ్లారా చూసింది మహాబలేశ్వర్‌లో. మాకు 250 కిలోమీటర్లకు పైనే. సతారా, వాయి దాటి, పసరణీ ఘాట్ ఎక్కి, పాంచ్‌గణి మీదుగా పోవాలి. డిసెంబరు, జనవరి వచ్చిందంటే మరాఠీ పత్రికల్లో ఒక వార్త ఉంటుంది, వెణ్ణా చెరువు దగ్గర దవబిందువులు గడ్డకట్టాయని. ఎత్తున ఉన్న ఊళ్లో పది డిగ్రీలుంటే, కింద చెరువు గట్టున సున్నా ఎలా అయింది? రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి నిలిచిపోతే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. చెరువు పల్లంలో ఉంది కనుక చలి అక్కడికొచ్చి నిలవ ఉంటుంది.

మా గల్లీవాళ్లం ఎనిమిదిమందిమి జీపులో పోయాం. తెల్లవారక ముందు చెరువు దగ్గరికి చేరితే, గడ్డి కొసల మీద ఉప్పు చల్లినట్టు ఉంది. ఆగి ఉన్న బండి టాపు మీద నుంచి ఎవరో గీకి గుప్పిట నిండా తీసుకుంటున్నారు. స్ట్రాబెర్రీ మళ్లలో ఆకుల అంచులకు తెల్ల జరీ. రైతు మాత్రం మా ముఖాలు చూడకుండా ఆకులు తిప్పి చూసుకుంటున్నాడు. మాకు ముచ్చట, అతనికి పంట. నేను మోకాళ్ల మీద కూర్చుని కెమెరా తీస్తే లెన్సంతా ఆవిరి. రాత్రంతా గది బయట జీపులో చల్లబడ్డ కెమెరాను ఒళ్లో చద్దరు కింద పెట్టుకుని వచ్చాను మరి. చల్లటి గాజుకు వెచ్చటి తడిగాలి తగిలితే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే చెమట పడుతుంది. తుడిచి, మళ్లీ తుడిచి, సరే అనుకునేసరికి సూర్యుడు చెట్ల మీదికి వచ్చాడు. ఆ మొదటి పక్క వెలుతురు పడ్డ నిమిషంలో ఆ గడ్డి ఎలా ఉందంటే... ఆ నిమిషం నేను తీయలేకపోయాను, కాబట్టి చెప్పను. పావుగంటలో అన్నీ మామూలు నీటి చుక్కలైపోయాయి.

ఈ కథ చెప్పాక మావాడు నాకు పాఠం చెప్పాడు. చలిలోంచి వెచ్చటి గదిలోకో కారులోకో పోయేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసేయాలట. చెమట సంచికి పడుతుంది, గాజుకు పట్టదు. అది నెమ్మదిగా గది వేడికి వచ్చాక తీయాలి. బ్యాటరీలు కూడా చలికి నీరసిస్తాయి. రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. చచ్చిపోయిందనుకున్న బ్యాటరీ కూడా చంకలో పెడితే కాసేపటికి లేచి కూర్చుంటుందట.

2024 జనవరిలో వాడు సెలవు మీద వచ్చాడు. నన్ను గుల్‌మార్గ్ తీసుకెళ్లాలని వాడి పట్టుదల. కశ్మీర్‌లో 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక బయలు అది. అక్కణ్నుంచి రెండు దశల్లో కేబుల్ కారు అఫర్వత్ శిఖరం పక్కకు, దాదాపు నాలుగు వేల మీటర్ల దాకా తీసుకుపోతుంది. మొదటి దశ 1998లో, రెండోది 2005లో మొదలైంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు, స్కీయర్ ఆరిఫ్ ఖాన్, అక్కడి వాలు మీద నేర్చుకున్నవాడే. కశ్మీరీలు డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు, పెద్ద చలి అని. మేం వెళ్లాలనుకున్నది సరిగ్గా ఆ రోజుల్లో.

ఆ ఏడు చిల్లై కలాన్ వచ్చింది, మంచు రాలేదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమను మోసుకొచ్చే పశ్చిమ అలజడులు ఉత్తరాదికి మంచు తెస్తాయి. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో అవి బలంగా రాలేదు. టీవీలో గుల్‌మార్గ్ వాలు మా జొన్నచేను కోసిన తర్వాత ఉన్నట్టు గోధుమరంగులో ఉంది. గుర్రాలవాళ్లు, స్లెడ్జి లాగేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మావాడు రోజూ పొద్దున ఫోన్‌లో అక్కడి కెమెరా చూసి ఫోన్ బోర్లా పెట్టేవాడు. టికెట్లు రద్దు చేశాం. మా వదిన మాత్రం మొక్కుకున్నది తీరినట్టు సంతోషించింది. అంతకు ముందటి ఫిబ్రవరిలో అదే అఫర్వత్ మీద మంచుపెళ్ల విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయిన వార్త ఆమె మరిచిపోలేదు. మావాడు వెనక్కి వెళ్లిపోయాక, నెలాఖరులో, గుల్‌మార్గ్‌లో మంచు కురిసింది.

రద్దయిన ఆ వారం వాడు ఇంట్లో కూర్చోలేక నాతో కార్ఖానాకు వచ్చాడు. చిన్నప్పుడు కండెల బుట్టల మధ్య ఆడినవాడు, ఇరవై ఏళ్ల తర్వాత లోపలికి వచ్చి ఆ చప్పుడుకు కళ్లు చిట్లించాడు. కిటికీ దగ్గర ఒక తెల్ల టవల్ వంచి చూపించాను. వాడు వంగి, కన్ను దాదాపు గుడ్డకు ఆనించి, చాలాసేపు అలాగే ఉన్నాడు.

"చిన్నాయినా, ఇది మార్చి నెల."

పోతూ పోతూ ఒక టవల్ సంచిలో వేసుకున్నాడు. కొండ మీద కళ్లజోడు తుడుచుకోవడానికేమో అనుకున్నాను. దానికి వేరే పని దొరికింది. కొండ ఎక్కగానే మొదట ఆ టవల్‌ను మంచు మీద పరిచి ఒక ఫోటో తీస్తాడట, తెలుపు ఇంత అని కెమెరాకు చెప్పడానికి. ఆ రోజు వెలుతురు ఎలా ఉందో, నీలం ఎంత ఉందో, లూపుల నీడ ఎటు పడుతోందో దాన్ని చూసి తేల్చుకుంటాడు. తోటివాళ్లు నవ్వుతారట. తర్వాత వాళ్లే దాని మీద కూర్చుని బూట్లు బిగించుకుంటారట.

కిందటి సోమవారం ఫోన్ చేశాడు. కుర్చీ లిఫ్టులో పోతుంటే టవల్ జారి లోయలో పడిపోయిందట. తెల్ల మంచులో తెల్ల టవల్, ఇక ఎక్కడ వెతికేది. ఇంకో రెండు పంపమన్నాడు. "మంచి మాల్ అక్కర్లేదు చిన్నాయినా, పోగు తప్పింది పక్కన పెడ్తవు గద, అదైనా సరే."

రెండు రోజులుగా ఆ పక్కన పెట్టిన కుప్పలోంచి ఏరుతున్నాను. ఒకదానిలో పేక తప్పింది, ఒకదానిలో అంచు దగ్గర పడుగు పోగు తెగింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వంచి చూసి, మళ్లీ కుప్పలోనే పెడుతున్నాను. తప్పున్నది కొండ మీదికి పంపడానికి చేతులు రావడం లేదు.